ఒక్క స్తంభమూ పడలేదు

ప్రభుత్వం డబ్బు ఇవ్వాలంటే ముందు మన దగ్గర ఏదో ఒకటి కూలిపోయి ఉండాలి. ఈ సంగతి నాకు ఇరవై మూడో ఏట, కరెంటాఫీసులో టైపిస్టుగా చేరిన రెండో సంవత్సరంలో తెలిసింది. అంతకుముందు నేను నేర్చుకున్న న్యాయం వేరు. మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఏడాదంతా పలక పగలగొట్టకుండా దాచుకున్న పిల్లలకు ఆయన వేసవి సెలవుల ముందు కొత్త పలక ఒకటి ఇచ్చేవారు. ఆఫీసులో చూస్తే పలక పగలగొట్టినవాడికే కొత్త పలక. దాచుకున్నవాడికి పాతది ఉంది కదా, ఇంకెందుకు అనేవారు. ఆలోచిస్తే అందులోనూ తప్పేమీ కనిపించదు, నాకు ఒళ్ళు మండేది కూడా అందుకే.

మా సెక్షన్ ఆఫీసు కొత్తపేటకు బస్సులో అరగంట దూరంలో ఉన్న ఒక ఊళ్ళో, పెంకుటింటి ముందు గదుల్లో ఉండేది. ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు చాలా మర్యాదస్థులు, ఇప్పటికీ వెళితే కాఫీ తాగించకుండా పంపరు. డెబ్బైల్లో మా పేటలో ఆడపిల్ల సర్కారు ఉద్యోగం చేయడం నాతోనే మొదలు. నా ఉద్యోగపు ఉత్తర్వును మా అమ్మ బైబిల్లో పెట్టుకుని, ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు దాంతోపాటే మోసుకుపోయేది. టైపు కొట్టిన కాగితం అబద్ధం చెప్పదని ఆవిడ నమ్మకం. కొట్టేది నేనే కాబట్టి కొంతకాలం నేనూ నమ్మాను.

మా ఆఫీసులో ఇంజనీరుగారు ఒకరు, నేను, నా టైపు మిషను, ఒక లైన్‌మన్. ఊరంతా ఆయన్ని లైన్‌మన్‌గారు అనే పిలిచేవారు. రిజిస్టరులో మాత్రం ఆయన రోజుకూలీ. పన్నెండేళ్ళుగా రోజుకూలీ. పర్మినెంటు చేస్తామని వచ్చిన ప్రతి ఇంజనీరూ చెప్పేవాడు, చెప్పి బదిలీ అయ్యేవాడు. ఆయన అడగడం మానలేదు గానీ విసుక్కోవడం నేను చూడలేదు. ఉదయం సైకిలు మీద వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "టైపమ్మగారూ, మన కాయితం ఏవన్నా కదిలిందాండీ?" అనేవారు. కదల్లేదంటే "ఆయ్" అని చెప్పులేసుకుని లైను మీదికి వెళ్ళిపోయేవారు.

ఆయన పని తీరు గురించి చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన గొడవంతా అందులోంచే పుట్టింది. మా లైను కర్ర స్తంభాల మీద, కాలవ గట్టు రోడ్డు పక్కన, కొబ్బరి తోటల మధ్యగా వెళ్ళేది. కోనసీమలో కరెంటు లైనుకు శత్రువు కొబ్బరి మట్ట. గాలి వీస్తే మట్ట వచ్చి తీగ మీద పడుతుంది, తీగ స్తంభాన్ని లాగుతుంది, ఒక స్తంభం వంగితే పక్కవీ వంగుతాయి. కాబట్టి తీగ మీదికి వాలిన మట్టలు ముందే కొట్టేయాలి. కానీ పచ్చి మట్ట కొట్టనిచ్చే రైతు ఆ చుట్టుపక్కల లేడు. చెయ్యి కొట్టించుకోమంటే ఆలోచిస్తాడేమో గానీ మట్ట కొట్టించుకోడు, కాపు తగ్గిపోతుందని.

లైన్‌మన్‌గారు దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. నెలన్నరకు ఒకసారి కాయ కోతకు దింపులవాళ్ళు చెట్లెక్కుతారు. అప్పుడు రైతు చెట్టు కింద నిలబడి, పడే కాయల వంకే చూస్తుంటాడు. పైకి చూడడు. లైన్‌మన్‌గారు ముందురోజే దింపులవాళ్ళకు చుట్టలు కొనిచ్చి, ఏ చెట్టు మీద ఏ మట్ట కొట్టాలో వేలితో చూపించి పెట్టేవారు. కాయలతోపాటు మట్టా దిగిపోయేది. రైతు దాన్ని ఎండు మట్టల్లో కలిపి ఇంటికి మోయించుకునేవాడు. ఇలా పన్నెండేళ్ళు ఏ అధికారీ చెప్పకుండా, ఏ పద్దులోనూ లేకుండా మా లైను శుభ్రంగా ఉంది.

డెబ్బైల చివర్లో ఒక కార్తీక మాసంలో పెద్ద తుఫాను వచ్చింది. దానికి సరిగ్గా వారం ముందు ఊళ్ళో దింపు జరిగింది. రేడియోలో హెచ్చరిక విని లైన్‌మన్‌గారు రెండు రోజులు తిండి కూడా లైను మీదే తిని, స్తంభాన్ని నేలకు పట్టి ఉంచే స్టే తీగలన్నీ బిగించుకుంటూ వెళ్ళారు. తర్వాత గాలి మొదలైంది. ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు వీచింది. గాలి తగ్గి బయటికి వస్తే తోటల్లో చెట్లు తలలు పడమరకు పెట్టి వరసగా పడుకుని ఉన్నాయి. మా ఊళ్ళో మనుషులు మిగిలారు. కింద లంకల్లో ఏమైందో తర్వాత విని చాలా రోజులు మాకు అన్నం సయించలేదు.

మర్నాడు లైన్‌మన్‌గారు మోకాళ్ళ దాకా బురదతో ఆఫీసుకు వచ్చారు.

"టైపమ్మగారూ, మన లైను మొత్తం నడిచి చూసేనండీ. నలభై రెండూ నిలబడే ఉన్నాయండీ. ఒక్క స్తంభవూ పళ్ళేదండీ."

నాకు ఏడుపొచ్చింది. అప్పటికప్పుడు నష్టం నివేదిక ఫారం తీసి, పడిన స్తంభాలు అన్న గడిలో శూన్యం అని ఇంగ్లీషులో కొట్టాను. ఆయన సంతకం పెట్టారు. ఇంజనీరుగారు ఆ కాగితం చూసి, "ఇది మన సెక్షనేనా?" అని రెండోసారి చదువుకుని, ఆయన కూడా పెట్టారు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లైను మిగల్లేదు. నేను నకలు ఒకటి ఎక్కువ కొట్టి, లైన్‌మన్‌గారి పర్మినెంటు ఫైలుకు గుచ్చాను. ఇంత పెద్ద గాలిలో తన లైను నిలబెట్టుకున్న మనిషిని ఇంక ఏ ప్రభుత్వం కాదంటుందని నా ధైర్యం. ఆయనకు అదే చెప్పాను. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి అరటిగెల ఒకటి పంపించారు, గాలికి పడిపోయిన చెట్టుదే లెండి.

లైను నిలబడింది గానీ కరెంటు రాలేదు. మాకు కరెంటు రావలసింది పక్క ఊళ్ళ మీదుగా. ఆ ఊళ్ళలో లైనంతా నేలమట్టం. పదిహేను రోజులు గడిచాయి. మా ఊరివాళ్ళు లాంతర్ల వెలుగులో కూర్చుని, నిటారుగా నిలబడిన తమ స్తంభాలను కొంత గర్వంగానూ కొంత అనుమానంగానూ చూడడం మొదలుపెట్టారు.

అప్పుడు వచ్చింది పథకం. సైక్లోస్టైలు తీసిన ఎనిమిది పేజీల కాగితం. తుఫానులకు తట్టుకునే విద్యుత్ లైన్లు వేయడానికి కేంద్రం కొంత ఊరికే, కొంత అప్పుగా డబ్బు ఇస్తుందని, కర్ర స్తంభాల స్థానంలో సిమెంటు స్తంభాలు, లావుపాటి తీగ, లోతైన పునాదులు వస్తాయని అందులో ఉంది. చదువుతుంటే కడుపు నిండినట్టుండేది. షరతులు రెండు. తుఫానులో పూర్తిగా దెబ్బతిన్న లైన్లకే ఈ డబ్బు వర్తిస్తుంది. మార్చి నెలాఖరులోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. వెంట ఒక ఫారం కూడా పంపారు. లైను ఎందుకు పడిందో రాయడానికి అందులో పెద్ద గడి ఉంది. పడకపోతే ఎందుకు పడలేదో రాయడానికి గడి లేదు. తుఫానుకు తట్టుకున్న లైనుకు తుఫానుకు తట్టుకునే లైను దేనికని వాళ్ళ ఉద్దేశం కాబోలు.

చుట్టూ ఆరూళ్ళు జాబితాలో చేరాయి. మా ఊరు చేరలేదు. ముందు జాబితాలో ఉన్న ఊళ్ళకే పని జరుగుతుందని, మాకు కరెంటు వచ్చేది అన్నిటికన్నా చివర్లోనని తెలిసింది. మర్నాడు పొద్దున్నే సర్పంచిగారు నలుగురు రైతులతో ఆఫీసుకు వచ్చారు. ఇంజనీరుగారు కుర్చీలు వేయించి, టీ తెప్పించారు.

"మా ఊరికి సిమెంటు స్తంభాలు ఎప్పుడేస్తారండీ?" అన్నారు సర్పంచిగారు.

"మీ ఊళ్ళో పళ్ళేదు కదండీ."

"పడకపోడం మా తప్పాండీ?"

"తప్పని నేనన్లేదండీ. పథకం అలా ఉంది."

"ఈ కర్రలు మహా అయితే నాలుగేళ్ళుంటాయండీ. పుచ్చిపోయి పడ్డప్పుడు మాకు ఎవరిస్తారండీ సిమెంటువి?"

"అప్పటికి ఈ పథకం ఉండదండీ."

ఒక రైతు అందుకున్నాడు. "మీ లైన్‌మన్‌గారు దింపులోళ్ళ చేత మా పచ్చి మట్టలు కొట్టించేరంటండీ. అందుకే పళ్ళేదంట. మమ్మల్ని అడక్కుండా అలాగెలా కొట్టిస్తారండీ?"

పన్నెండేళ్ళ రహస్యం అలా బయటపడింది. మట్టలు పోయినందుకు ఒక కోపం, స్తంభాలు పోనందుకు ఇంకో కోపం. రెండూ ఒకే మనిషి మీద. లైన్‌మన్‌గారు గుమ్మం బయట నిలబడి అంతా వింటున్నారు.

ఇంజనీరుగారు చెడ్డవారు కాదు. కానీ చేతిలో టీ గ్లాసు ఉన్నప్పుడు ఆయనకు మాట మీద అదుపుండేది కాదు. "ఆ గాలిలోనే పడుంటే ఏ గొడవా లేకపోయేదండీ. పడాల్సినప్పుడు పళ్ళేదు. ఇప్పుడు ఇన్‌స్పెక్షన్‌కి పెద్ద ఇంజనీరుగారు సోమవారం వస్తున్నారు. ఆయనొచ్చి చూసేసరికి ఏది పడుంటే అదే లెక్క" అన్నారు.

సర్పంచిగారు గ్లాసు కింద పెట్టి, "ఆయ్" అన్నారు. మా వైపు ఆ మాటకు చాలా అర్థాలున్నాయి. ఇది పని మొదలుపెట్టే ఆయ్ అని నాకు తట్టలేదు.

శనివారం పది గంటలకు రోడ్డు మీద కోలాహలం వినిపించి నేను బయటికి వెళ్ళాను. ఏడు జతల ఎద్దులు, మోకులు, తలపాగాలు చుట్టుకున్న మనుషులు, అరుగుల మీద ఆడవాళ్ళు. తీర్థంలా ఉంది. మొదటి స్తంభానికి మోకు కట్టేశారు. ఎవరూ దాక్కోలేదు, ఎవరూ గొంతు తగ్గించలేదు. అంతా చాలా మర్యాదగా సాగుతోంది. "తమరు కాస్త పక్కకి జరగండమ్మా, తీగ తగులుద్ది" అని ఒకాయన నాకు చెప్పాడు కూడా.

స్తంభానికి పడమటి వైపు వరి చేను. వానకు నాని, అడుగు వేస్తే ఎద్దు కడుపు దాకా దిగబడుతుంది. తూర్పు వైపు గట్టి రోడ్డు. సహజంగానే ఎద్దులను రోడ్డు మీద నిలబెట్టి, స్తంభాలను తూర్పుకు లాగుతున్నారు. మిగిలిన కొబ్బరి చెట్లకు దెబ్బ తగలకుండా, రెండు చెట్ల మధ్య సందులో పడేటట్టు ఒక పెద్దాయన కర్ర పట్టుకుని దారి చూపిస్తున్నాడు. ఇంత జాగ్రత్తగా పనిచేసిన మనుషులకు గాలి ఏ వైపునుంచి వచ్చిందో ఒక్కరికీ గుర్తు రాలేదు.

అప్పుడు లైన్‌మన్‌గారు సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. సైకిలు రోడ్డు మీదే పడేసి పరిగెత్తారు.

"ఆగండాగండీ! స్టే తీగ ఊడదియ్యకుండా లాగుతారేంటండీ? ఎగిరొచ్చి మెడకాయ కోసేద్దండీ!"

ఎద్దులు ఆగాయి. ఆయన రొప్పుతూ సర్పంచిగారి వంక చూశారు.

"బాబుగారూ, ఇయ్యి పళ్ళేదండీ."

"అదే కదండీ ఇబ్బంది" అన్నారు సర్పంచిగారు, ఎంతో సౌమ్యంగా.

లైన్‌మన్‌గారు ఆ మొదటి స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. మోకు పట్టుకున్న కుర్రాళ్ళలో ఒకడు విసుగ్గా, "లాగెయ్యండెహె" అన్నాడు. ఆయన గబుక్కున సైకిలు దగ్గరికి వెళ్ళి, సంచీలోంచి పానా తీసుకుని వచ్చి, స్టే తీగ బిగింపు తనే విప్పారు. తర్వాత రెండో స్తంభం. తర్వాత మూడోది. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ తీగ ముందు వదలాలో ఆయనే చెప్పారు. స్తంభం మీద తీగను మోసే పింగాణీ గిన్నెలు పగలకుండా విప్పి గోనెసంచిలో వేసుకున్నారు. సాయంత్రానికి నలభై రెండు స్తంభాలూ నేల మీద ఉన్నాయి. ఒక్కడికీ గీత కూడా పడలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు నేను అడిగాను, మీరెందుకు చెయ్యి వేశారని. కోపంగానే అడిగాను.

"నేను చెయ్యకపోతే ఎవడో ఒకడు చచ్చిపోయేవోడండీ. లైను కింద మనిషి పోతే, అది నా లైను కాదేంటండీ?" అన్నారు.

సోమవారం జీపులో పెద్ద ఇంజనీరుగారు వచ్చారు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు. గట్టు మీద దిగి అటూ ఇటూ చూశారు. కొబ్బరి చెట్లు తలలు పడమరకు పెట్టి పడున్నాయి. వాటి పక్కనే స్తంభాలు తలలు తూర్పుకు పెట్టి పడున్నాయి, చెట్టుకో స్తంభం చొప్పున ఒకదానికొకటి వీపు తిప్పుకుని అలిగినట్టు. ఆయన కళ్ళద్దాలు తీశారు.

"గాలి ఎటునుంచి వచ్చిందండీ?"

"అన్నేపుల్నించీ వచ్చిందండీ" అన్నారు సర్పంచిగారు. "ముందు చెట్లమీదికొచ్చిందండీ. మళ్ళీ తిరుగు గాలి స్తంభాలమీదికొచ్చిందండీ."

"తిరుగు గాలికి చెట్టు ఒక్కటీ పళ్ళేదే? పడ్డ స్తంభం ఒక్క చెట్టుకీ తగల్లేదే?"

"మా చెట్లంటే మాకు ప్రాణవండీ" అన్నారు సర్పంచిగారు. అనేశాక నాలిక కరుచుకున్నారు.

పెద్ద ఇంజనీరుగారు చాలాసేపు నవ్వారు. "నేను బోల్డు తుఫాన్లు చూసేనండీ. ఇంత మర్యాదస్తురాల్ని చూళ్ళేదు. మీ ఊరి నీళ్ళు తాగుంటుంది" అన్నారు. మాకందరికీ ప్రాణాలు పోయినంత పనైంది. కానీ ఆయన చేతిలో కూడా మార్చిలోగా వేసి ఖర్చు చూపించవలసిన లైను ఇంకా మైళ్ళకొద్దీ మిగిలి ఉంది. వెనక్కి పంపిన డబ్బుకు పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు, ఖర్చయిన దానికి అడగరు. ఆయన మా ఊరిని జాబితాలో చేర్చారు. జీపెక్కుతూ మా ఇంజనీరుగారిని దగ్గరికి పిలిచి, "మీ ఫైల్లో శూన్యం అని ఒక రిపోర్టు ఉంది. అది ఉండకూడదు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే అది లేకుండా పోయింది. చింపింది నేనే. అసలు ఒకటి, ఆఫీసు నకలు ఒకటి, లైన్‌మన్‌గారి పర్మినెంటు ఫైలుకు నేను గుచ్చిన నకలు ఒకటి. తర్వాత కొత్త ఫారం మిషనులో పెట్టాను. లైను పడడానికి కారణం అన్న గడిలో తుఫాను అని ఒక్క మాట రాస్తే చాలదని ఇంజనీరుగారు చెప్పారు. లైను ముందునుంచీ బలహీనంగా ఉన్నట్టు చూపిస్తేనే కొత్తది మంజూరవుతుందట. "చెట్ల మట్టలు తొలగించకపోవడం, నిర్వహణ లోపం" అని ఆయన చెప్పారు. నేను కొట్టాను.

సంతకానికి లైన్‌మన్‌గారిని పిలిచాం. ఆయనకు ఇంగ్లీషు రాదు. "ఏం రాసేరండీ టైపమ్మగారూ?" అని నన్నడిగారు.

"స్తంభాలన్నీ పడిపోయాయని" అన్నాను. మిగతాది చెప్పలేదు. ఇంజనీరుగారు పక్కనే ఉన్నారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, అది సాకు. చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

"పడ్డాయి కదండీ. అబద్ధం కాదు" అని ఆయన తెలుగులో నెమ్మదిగా సంతకం పెట్టారు. "మన కాయితం సంగతి కూడా కాస్త చూడండీ" అన్నారు ఇంజనీరుగారితో. "పథకం అవ్వగానే మొదటి పేరు మీదేనండీ" అన్నారు ఇంజనీరుగారు. అప్పటికి ఆయనా నమ్మే ఉంటారు.

సిమెంటు స్తంభాలు లారీల్లో వచ్చాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాంట్రాక్టరు మనుషులు పరుగులు పెట్టి పాతారు. సర్పంచిగారు కొబ్బరికాయ కొట్టారు. అందరికీ మజ్జిగ ఇచ్చారు. వేసవిలో పర్మినెంటు జాబితా వచ్చింది. పక్క ఊరి రోజుకూలీ పేరు అందులో ఉంది. తుఫాను రోజు అతను అత్తారింట్లో ఉన్నాడు. అతని లైనంతా కూలిపోయింది, తిరిగి నిలబెట్టడంలో బాగా శ్రమించాడని రాశారు. మా లైన్‌మన్‌గారి పేరు లేదు. విడిగా ఒక ఉత్తరం ఉంది. ఆయన బాధ్యతలో ఉన్న లైను నిర్వహణ లోపం వల్ల పూర్తిగా కూలినట్టు నివేదికలో ఉన్నందున ఆయన పేరు పరిశీలించలేదని.

ఆ ఉత్తరం ఆయనకు చదివి వినిపించవలసింది నేను. ఇంజనీరుగారికి అప్పటికే బదిలీ అయిపోయింది.

"నిర్వహణ లోపవంటే ఏంటండీ?"

"చూసుకోవడంలో తప్పు జరిగిందని."

"ఎవరు రాసేరండీ?"

మట్టలు తొలగించలేదని కూడా ఆ నివేదికలో ఉందని మాత్రం అన్నాను.

"మట్టలు కొట్టించేనని రైతులు తిట్టేరండీ. కొట్టించలేదని మీరు రాసేరా?"

అందులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది, అంతే. కోపం ఉంటే నేను ఇన్నేళ్ళు ఇంత బాధపడేదాన్ని కాదు. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆయన్ని ఎవరూ తీసెయ్యలేదు. రోజుకూలీని తీసెయ్యడానికి కాగితం కూడా అక్కర్లేదు, రాకపోతే సరిపోతుంది. కొన్నాళ్ళకు దింపులవాళ్ళ జట్టులో చేరారని విన్నాను.

తర్వాత నాకు పెళ్ళయింది, రాజోలు వైపు కొన్నాళ్ళు, అమలాపురంలో కొన్నాళ్ళు పనిచేసి, ఎనభైల నడుమ అదే ఊళ్ళోని అదే ఆఫీసుకు పెద్ద గుమాస్తాగా తిరిగొచ్చాను. వచ్చిన ఏడాదే ఒక మోస్తరు గాలి వీచింది. తుఫాను అని పేరు పెట్టేంతది కూడా కాదు. తుఫానుకు తట్టుకునే సిమెంటు స్తంభాల్లో సగం పడిపోయాయి. మార్చి గడువుకు పరుగులు పెట్టి పాతినవి కదా, చూస్తే మోకాలి లోతు కూడా లేవు. మట్టలు కొట్టేవాళ్ళూ లేరు. వెంటనే ఇంకో పథకం వచ్చింది, ఈసారి లైన్లను బలోపేతం చేయడానికి. ఎద్దుల అవసరం రాలేదు.

దాని గురించి మాట్లాడడానికి సర్పంచిగారు వచ్చారు. ముసలివారయ్యారు, మర్యాద తగ్గలేదు. మాటల్లో పాత తుఫాను ప్రస్తావన వచ్చింది.

"అప్పుడు లైనంతా పడిపోయిందండీ, మీకు గుర్తుందో లేదో. అప్పటి లైన్‌మను సరిగ్గా చూసుకునేవోడు కాదు పాపం. మట్టలు కొట్టించేవోడు కాదండీ."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన అబద్ధమాడడం లేదు. నిజంగానే అలా జరిగిందని ఆయనకు గుర్తు. ఆఫీసు కాగితంలో ఏముందో ఊరి బుర్రలోనూ అదే మిగిలింది. మోకు పట్టిన చేతులతోనే ఆయన కాఫీ కప్పు పట్టుకుని ఉన్నారు. మా అమ్మ నమ్మకం నిజమే, టైపు కొట్టిన కాగితం అబద్ధం చెప్పదు. అది ఏం చెబితే చివరికి అదే జరిగినట్టవుతుంది.

ఆ తర్వాత నెలలో ఒక మధ్యాహ్నం లైన్‌మన్‌గారు ఆఫీసుకు వచ్చారు. జుట్టంతా తెల్లబడింది, మోకాళ్ళు వంగడం లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికి గోడ పట్టుకున్నారు. నేను లేచి కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు.

"టైపమ్మగారూ, అప్పుడు మొదట ఓ కాయితం కొట్టేరు చూడండీ. ఒక్క స్తంభవూ పళ్ళేదని. అది ఉందాండీ?"

"లేదండీ. చింపేశాను."

"మీరేనాండీ?"

"నేనే."

"ఆయ్" అన్నారు. అప్పుడు అసలు సంగతి చెప్పారు. కొడుక్కి పెళ్ళైంది. కోడలు రాజోలు అవతలి ఊరి పిల్ల, ఇక్కడి సంగతులు తెలియవు. బావి దగ్గర ఎవరో చెప్పారట, మీ మావయ్య సరిగా పనిచేసుంటే పర్మినెంటు అయ్యేవాడు, పింఛనొచ్చేది, అప్పుడు లైనంతా పడేసుకున్నాడని.

"ఇంటికొచ్చి నన్నేవీ అన్లేదండీ ఆ పిల్ల. అన్నం పెట్టి ఊరుకుంది. అన్నా బాగుణ్ణండీ. నేను చెప్తే నమ్మినట్టే తలూపుద్ది. అందుకని, కాయితం ఏదన్నా ఉంటే..."

నేను బీరువా తీసి పాత ఫారాల కట్ట దులిపాను. అడుగున పసుపుపచ్చబడ్డ నష్టం నివేదిక ఫారాలు కొన్ని మిగిలి ఉన్నాయి. కోడలు ఇంగ్లీషు చదవలేదని ఆయన అన్నారు కాబట్టి తెలుగు మిషను మీద పెట్టాను. ఆ తుఫాను నాటికి మా ఆఫీసులో తెలుగు మిషనే లేదు, ఎవరైనా చూస్తే ఒక్క నిమిషంలో పట్టేస్తారు. పట్టుకోనీ అనుకున్నాను. పాత తేదీ వేశాను. పడిన స్తంభాలు అన్న గడిలో ఒక్కటీ లేదని కొట్టాను. ఫారంలో లేని గడి ఒకటి కింద నేనే గీసి, లైను నిలబడడానికి కారణం అని రాసి, దింపుల సమయంలో మట్టలు తొలగించడం, స్టే తీగలు బిగించడం, రెండు రోజుల కాపలా అని కొట్టాను. ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగంలో నేను సొంతంగా తయారుచేసిన దొంగ కాగితం అదొక్కటే. మిగతావన్నీ పైవాళ్ళు చెబితే చేసినవి.

ఆయన దాన్ని కిటికీ వెలుతురులోకి పట్టుకుని, పెదాలు కదుపుతూ అక్షరం అక్షరం చదివారు. సంతకం చేయవలసిన చోటికి వచ్చి ఆగారు.

"ఇక్కడ నా పేరు కింద లైన్‌మన్ అని పడిందేంటండీ? అప్పుడు నేను రోజుకూలీని కదండీ."

"తప్పు పడింది. మార్చమంటారా?"

ఆయన చాలాసేపు ఆ మాట వంకే చూశారు. మా ఇద్దరిలో ఎప్పుడూ అబద్ధం రాయని మనిషి ఆయన ఒక్కరే.

"వద్దులెండి" అన్నారు చివరికి. కలం తీసుకుని నెమ్మదిగా సంతకం పెట్టి, కాగితాన్ని నా వైపు జరిపారు. "సీలు కూడా వేసెయ్యండమ్మా."